వైరు లేని పాట

సుగుణా,

నిన్న మన స్వరూపను బతుకమ్మ పండుగకు మక్తల్‌లో మీ అమ్మ దగ్గరికి తీసుకువెళ్లాను. నీ సంవత్సరీకం కాలేదని పోయినేడు ఆ ఇంట్లో పండుగ చేయలేదు. ఈసారి నీ బదులు స్వరూపే పాట ఎత్తుకోవాలని మీ అమ్మ కబురు పంపింది.

పాట నేర్చుకోవడానికి నువ్వు పాడి పెట్టిన క్యాసెట్ ఒక్కటే ఉంది. కారు టేప్‌రికార్డర్ రీలు నమిలేస్తుందని దాన్ని ఎప్పుడూ అందులో పెట్టలేదు. రేడియో మెకానిక్ జానీమియా వాక్‌మన్‌కు తగిలించే చిన్న డబ్బీ ఒకటి తయారుచేసి ఇచ్చాడు.

"వాక్‌మన్ బిడ్డ ఒళ్లె ఉంటది సార్, పాట కారు రేడియోల పలుకుతది. వైరు గియిరు ఏం లేదు. నల్గొండల ఎఫ్ఎం స్టేషనే లేకపాయె, అడ్డమొచ్చెటోడు ఎవడు?" అని నవ్వాడు.

దేవరకొండ దాటాక స్వరూప బటన్ నొక్కింది. కారంతా నీ గొంతు నిండింది. ఒక వరుస పాడి ఆగావు. తోటివాళ్లు అందుకోవడానికి వదిలిన ఖాళీ అది. స్వరూప పెదవులు కదిలాయి, మాట రాలేదు. రెండో వరుసకూ అంతే. మూడోసారి నేనే "ఉయ్యాలో" అన్నాను.

"మగోళ్లు అంటరా బాపూ గట్ల? రాగం సుత తప్పినవ్," అంది కళ్లు తుడుచుకుంటూ.

"అయితే నువ్వే అను."

తర్వాతి ఖాళీలో అంది. విన్నట్టే, నువ్వు వెంటనే పై వరుస ఎత్తుకున్నావు.

మహబూబ్‌నగర్ వచ్చేదాకా మీ ఇద్దరి మధ్య నేను నోరెత్తలేదు.