చీలిన బండ వెనక దారి

ప్రియమైన బావగారికి,

ఆదివారం పొద్దున మీ ఫొటో అచ్చయిన పత్రిక పట్టుకుని నలభైమంది మా పార్కు గేటు దగ్గర దిగారు. నేను గార్డు గదిలో బూట్లు వేసుకుంటున్నాను. ఒకాయన తలుపులోంచి తొంగిచూసి, "ఏమండీ, చీలిన బండ వెనకనుంచి పక్షుల అంచుకి దారి ఎటు?" అని అడిగాడు. ఒంటి బూటుతోనే బయటికి వచ్చాను.

పన్నెండేళ్ల ఉద్యోగంలో ఆ దారిన నేను తీసుకెళ్లింది మిమ్మల్నొక్కరినే. గుర్తుందా? లోయలో నది రెండు రాతిగోడల మధ్య ఇరుక్కుని పారే చోట, చెప్పులు చేతబట్టుకుని మోకాళ్ల లోతు నీళ్లలో నడిచాం. మూడో మలుపు దగ్గర బండ వెనక్కి పాకితే ఒక్కసారిగా సముద్రం. కొండ నిట్టనిలువునా తెగిపోయి, దాని అంచుల మీద వేల తెల్లపక్షులు. మీరు రెండు గంటలు బోర్లా పడుకుని చూశారు. వచ్చేటప్పుడు నా భుజం పట్టుకుని, "ఇది నా కడుపులోనే ఉంటుందిరా," అన్నారు.

ఆదివారం ఆ బండ ముందు చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. "పత్రికలో వేసింది చూడ్డానికేగా!" అని నన్ను తోసుకుంటూ వెళ్లారు. వాళ్ల అరుపులకి పక్షులన్నీ ఒకేసారి లేచాయి. అవి గూడు కట్టవు బావగారూ, ఉత్త రాతిమీద ఒక్క గుడ్డు పెట్టి పొదుగుతాయి. రెక్కల తాకిడికి గుడ్లు దొర్లి కిందకి పడుతుంటే చూస్తూ నిలబడ్డాను. పట్టుకోవడానికి నాకున్నవి రెండు చేతులే.

దారి ఎవరు బయటపెట్టారని మా అధికారి అడిగారు. తెలీదన్నాను. అక్క ముఖం చూసి చెప్పిన అబద్ధం అది. పరాయివాడు చేస్తే పోనీలే అనుకునేవాణ్ణి. నమ్మించి గొంతు కోశారు. ఇక మా గడప తొక్కకండి.

ఇట్లు,
మీ బావమరిది

*

నా బంగారు తమ్ముడికి,

మీ బావ నీ ఉత్తరం చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. చొక్కా ఉతకబోతూ నేను తీసి చదివాను.

పత్రికకి ఆయన పంపింది ఒక పక్షి ఫొటో, అంతే. అది ఎక్కడ తీశారో కూడా రాయలేదు. "ఎలా వెళ్లాలో చెప్పకపోతే ఎవడికి కావాలి?" అని ఎడిటర్ తిప్పి పంపాడు. ఆ ఏడాది అలా తిరిగిరావడం అయిదోసారి. కెమెరా బీరువాలో పెట్టి తాళం వేసి, "నాకు ఈ పని రాదులే," అన్నారు. ఆయన్ని అలా చూడలేకపోయాను. నువ్వు నాకు రాసిన పాత ఉత్తరాలు తీసి, లోయ, మూడో మలుపు, చీలిన బండ, అన్నీ నీ మాటల్లోనే ఎత్తిరాసి, ఆ ఫొటోతో కలిపి ఆయన పేరుతోనే, ఆయనకి తెలియకుండా పంపేశాను. "ఎవరికీ చెప్పకక్కా" అని నువ్వు కింద గీత గీసి రాసిన వాక్యమూ చూశాను. చూసే పంపాను.

అచ్చయింది చూసి ఆయన మూడు రోజులు వరండాలోనే పడుకున్నారు. నాలుగో రోజు నేను నీకు నిజం రాస్తానంటే, "చేసింది నేనేననుకోనీ. వాడికున్నది ఒక్క అక్క," అన్నారు.

తెలియక చేశానని రాద్దామనుకున్నాను. నీకు అబద్ధం రాయడానికి చెయ్యి ఆడలేదు.

నీ అక్క

*

బావగారికి నమస్కారాలు.

అక్క వల్ల నాకు కలగబోయే దుఃఖాన్ని దూరం పెట్టాలని నా తిట్లన్నీ మీరు మోశారు. ఆ మాటలు వెనక్కి తీసుకునే దారి తెలియక, కాళ్లు పట్టుకున్నాననుకోండి అని రాస్తున్నాను.

నిన్న అధికారి దగ్గరికి వెళ్లి, దారి బయటపెట్టింది నేనేనని చెప్పాను. కాగితం మీద పెట్టింది నేనేగా. నన్ను కొండ మీది గస్తీ నుంచి తీసేసి గేటు దగ్గర వేశారు. బండకి అడ్డంగా ఇనప కంచె వస్తోంది. పక్షులు ఈ ఏడు మళ్లీ గుడ్లు పెట్టవు. వచ్చే ఏడు సంగతి ఎవరూ చెప్పలేకపోతున్నారు.

కెమెరా బయటికి తీయండి. మీరు ఎప్పుడొచ్చినా నా గది మీది. అక్కని మాత్రం ఇప్పుడే తీసుకురాకండి. జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. "అక్కా" అని రాశాక, ఆ తర్వాత ఏం రాయాలో తోచలేదు.

మీ బావమరిది