తమ్ముడు మూసిన కన్ను

మరదలికి, వదిన దీవెనలు.

నువ్వు అలిగి పుట్టింటికి వెళ్లిన వారంలోనే తమ్ముడికి తలనొప్పి ఎక్కువైతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. వాడు కుట్టుకొట్టుకి వచ్చే ఆడవాళ్లకి కన్ను కొట్టలేదమ్మా. టేపు రెండుగా కనిపిస్తుంటే ఒక కన్ను మూసుకుని కొలిచేవాడట. చెబితే గిరాకీ పోతుందని దాచాడు. ముక్కు వెనక ఎముకలో నీటితిత్తి పెరిగి కంటిని కదిపే నరాన్ని నొక్కిందన్నారు. చెడ్డ గడ్డ కాదు. కెమెరా ఉన్న సన్నటి గొట్టం ముక్కులోంచి పంపి తీసేశారు. ముఖం మీద గాటు కూడా లేదు.

ఇవాళ నన్ను చూసి, "హమ్మయ్య, అక్క ఒక్కతే. ఇన్నాళ్లూ ఇద్దరక్కల తిట్లు తిన్నాను" అన్నాడు.

నీతో చేరి నేనూ వాణ్ణి తిట్టాను. దేవుడి ముందు తప్పు ఒప్పుకున్నాను. వాడి ముందు ఒప్పుకోవడానికే నోరు రావడం లేదు. నువ్వు వస్తే ఇద్దరం కలిసి ఒప్పుకుందాం.

నీ వదిన