లేస్తే లచ్చవ్వకూ లే

గ్లాస్గో,
ఆదివారం

అమ్మకు,

నీ బిడ్డ మానస దండాలు పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? నాయినమ్మ దగ్గు తగ్గిందా? బాపు ఆటో సీటు కుట్టించాడా, ఇంకా గోనెసంచి పరిచే తిప్పుతున్నాడా?

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఫోన్ చేస్తే బాపు స్పీకర్ పెడతాడు. నేను నిన్ను అడిగినదానికి సగం వాడకట్టు జవాబు చెబుతుంది. అందుకే ఈ సంగతి కాగితం మీద రాసి, నాతో ఉండే కోరుట్ల స్వప్న చేతికి ఇస్తున్నాను. వాళ్లన్న పెళ్లికి వస్తోంది. ఏడో తరగతి చదివిన సర్పంచువి, ముందు నువ్వే చదువుకో. బాపుకు తర్వాత చూపించు.

ఇక్కడ రోజూ ముసురే. మన దగ్గర ఇన్ని రోజులు ముసురు పడితే ఎల్లంతకుంట చుట్టూ చెరువులన్నీ నిండి మత్తడి దుంకేవి. ఇక్కడ మాత్రం గొడుగు కూడా సరిగ్గా తడవదు. సెలవు రోజుల్లో ఒక హోటల్లో ప్లేట్లు కడుగుతున్నాను. వేడినీళ్లే, చేతులేమీ పగలడం లేదు, బెంగ పెట్టుకోకు. పూటపూటా అన్నం వండుకుంటున్నాను. నా పచ్చిపులుసు చూసి స్వప్న “మా కోరుట్లల గిట్ల చేస్తే గొడ్లు గూడ తాగయి” అంటుంది, గిన్నె మాత్రం ఖాళీ చేస్తుంది. ఒక్కోసారి గది తలుపు మూయగానే మీరంతా గుర్తొచ్చి ఏడుపొస్తుంది. ఏడ్చి, తిని, పడుకుంటాను. నిజంగా బాగానే ఉన్నానమ్మా.

నేనేం చదువుతున్నానో మన పక్కింటి లచ్చవ్వ అడిగిందన్నావు కదా. సోషల్ ఆంత్రోపాలజీ, పాలిటిక్స్. మనుషులు కలిసి ఎలా బతుకుతారు, ఒకరి మాట ఇంకొకరి మీద ఎందుకు చెల్లుతుంది, అదీ చదువు. అప్పుడు నువ్వు ఆమెకు ఇదే చెబితే “మనుషుల సంగతి తెలుసుకోనీకి గంత దూరం పోవాల్నా? మా అరుగు మీద కూసుంటే నేనే చెప్దును గదా” అందట. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

పోయిన వారం మేడం క్లాసులోకి రాగానే లేచి నిలబడ్డాను. ఒక్కదాన్నే. “వెళ్లిపోతున్నావా?” అని ఆమె అడిగింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఎందుకు లేచావంటే చెప్పడం చేతకాక నీ సంగతి చెప్పాను. కోపం రాలేదు కదా?

పంచాయతీ ఆఫీసులో జరిగిందే చెప్పాను. ఈసారి సీటు ఎస్సీ మహిళకు రిజర్వయింది, నువ్వు నిలబడి గెలిచావు. మొదటి రోజు కుర్చీలో కూర్చున్నావో లేదో చిన్నదొర వచ్చాడు. ఒకప్పటి దొరల మనవడు, మొన్నటిదాకా సర్పంచు. నువ్వు చటుక్కున లేచావు. “ఎందుకు లేస్తవ్ సర్పంచమ్మా, కూసో కూసో” అంటూనే ఆయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. నువ్వు కిటికీ పక్కన బల్ల మీద. అప్పటినుంచి ఆయన వచ్చినప్పుడల్లా అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ గుంజుకోలేదు. బాపు “పోనీ తియ్, పెద్దమనిషి” అన్నాడట. నువ్వు నాతో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. “నేను లేస్తలేను బిడ్డా, నా కాళ్లే లేస్తున్నయి. నాతోని గాదు, రాజీనామా ఇస్త.”

ఆయన పొలంలో ఏళ్లకేళ్లు నాట్లు వేసిన కాళ్లవి. వాటి తప్పేముంది?

క్లాసులో ఒకమ్మాయి “లేవకపోతే సరిపోతుంది కదా” అంది. నాకు ఒళ్లు మండింది. ఒడ్డున కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు. మేడం మాత్రం ఒక్కటే అడిగింది, మీ అమ్మ ఎవరెవరికి లేస్తుందని. నాకు తెలియలేదు.

అందుకే మొన్న ఫోన్లో నిన్ను అడిగాను. “చిన్నదొరకు లేస్త, తహసీల్దారుకు లేస్త, బ్యాంకు సారుకు లేస్త” అన్నావు. మరి పింఛను సంగతి అడగడానికి లచ్చవ్వ వస్తే అన్నాను. పకపకా నవ్వావు. “లచ్చవ్వకు లేసుడేందే పిచ్చిదానా! పొద్దుందాక కలిసి కలుపు తీసినోళ్లం.” బాపూ నవ్వాడు. లచ్చవ్వ అక్కడే ఉన్నట్టుంది, అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

ఆ నవ్వు విన్నప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. లేవడం మానుకోమని నేను చెప్పనమ్మా. నీ కాళ్లతో నువ్వు కొట్లాడకు. లే, కానీ అందరికీ లే. పింఛనుకు వచ్చిన ముసలవ్వకు లే, ఇంటి నంబరుకు వచ్చిన కోడలికి లే. దండం పెట్టు, పలకరించు, మళ్లీ నీ కుర్చీలోనే కూర్చో. రోజూ అలా లేచి కూర్చుంటే, చిన్నదొర వచ్చిన రోజు కూడా కాళ్లు లేస్తాయి, లేచి మళ్లీ కూర్చుంటాయి. ఆయనకు బల్ల చూపించి “కూసోండ్రి” అను. మర్యాద తక్కువైందని ఎవరంటారు?

వచ్చే గ్రామసభలో మన వాడకు నీళ్ల పైపు అడగాల్సింది నువ్వే. రాజీనామా ఇస్తే తన మాట వినేవాళ్లనే చిన్నదొర నిలబెడతాడు, పైపు మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. నాకు భయంగానే ఉంది. కానీ నువ్వు చేయగలవు. నన్ను ఇంత దూరం పంపినప్పుడు నీకు మాత్రం భయం లేదా?

స్వప్న తిరిగొచ్చేటప్పుడు అల్లం తొక్కు, నువ్వుల పొడి పంపు. సిరిసిల్ల పోతే నాకు మందపాటి చద్దరొకటి తీసుకో. నాయినమ్మకు నా దండాలు చెప్పు. బాపును తిట్టకు, ఆయనదీ భయమే.

ఈ ఉత్తరం చదివాక, ఆఫీసుకు లచ్చవ్వ రాగానే ముందు ఆమెకు లే. ఆమె బిత్తరపోయి, ఎవరొచ్చారోనని వెనక్కి తిరిగి చూస్తుంది. “ఎనుక ఎవ్వలు లేరే, నీకే లేసిన” అని చెప్పు.

ఆ కాళ్లకే మొక్కుతూ, నీ దీవెన కోరుతూ,
నీ బిడ్డ
మానస