పచ్చదీపాల సాక్ష్యం

బావమరిదికి, దీవెనలతోనూ కోపంతోనూ రాస్తున్నాను.

"ఎనిమిది దీపాలూ వెలిగాయి బావా, కేబుల్ భేషుగ్గా ఉంది" అన్నావు. కేబుల్ చివర తగిలించే నీ టెస్టర్‌లోని ఆ పచ్చదీపాలు తీగ తెగలేదని చెబుతాయే గానీ, వీడియో వేగం తట్టుకుంటుందని చెప్పవు. పెదవులతో ఆమేన్ అన్నవాళ్లంతా విశ్వాసులేనా? చాకుతో గీరి చూశాను. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. సున్నం కొట్టిన సమాధి అంటే ఇదే!

మందిరం నుంచి పై గదిలో మంచం పట్టిన మీ అమ్మ దాకా నా ప్రార్థన మోయాల్సిన తీగ ఇది. మొన్న రోగుల పేర్లు చదువుతూ ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి పై గది తెరమీద నా బొమ్మ బిగుసుకుపోయిందట.

"నా పేరు దగ్గరే నోరు పడిపోయిందా, అల్లుడుగారూ?" అని మొహం తిప్పుకుంది.

అచ్చమైన రాగి కేబుల్ పట్టుకురా. పూర్తి వేగం పెట్టి పరీక్షించు. ఈసారి నీ దీపాలను నమ్మను. పై గదిలోంచి అత్తయ్య ఆమేన్ వినబడాలి.

ఇట్లు,
తెరమీద నోరు తెరుచుకుని ఉండిపోయిన నీ బావ