నడుం పట్టీ

కామారెడ్డి,
ఫిబ్రవరి 1988

చిరంజీవి తమ్ముడు హన్మంతుకు అక్క రాజమణి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ మాట తర్వాత రాసేదంతా కాస్త ఓపికగా చదువు. సౌదీలో, దమ్మాంలో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

అవ్వ కంటి ఆపరేషన్ సంగతి అడిగావు. ఎల్లారెడ్డి పోయి చూసి వచ్చాను. కట్టు విప్పగానే నా ముఖం చూసి, "గిట్ల ఎండిపోయినవేందే?" అంది. చూపు బాగానే వచ్చిందన్నమాట.

బావ పనికి పోతున్నాడా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. పోవడం లేదు. బెల్లం మార్కెట్లో బస్తా ఎత్తుతూ నడుము పట్టేసిన సంగతి నీకు తెలుసు. ఆ సాయంత్రమే హమాలీల మేస్త్రి ఎంకయ్యన్న వచ్చి, నల్లమందు ఉండను బెల్లంలో చుట్టి మింగించాడు. "నొప్పి అని పండుకుంటే ఎట్ల? రెండు దినాలల్ల లేస్తడు" అన్నాడు. ప్రేమతోనే ఇచ్చాడు. ఆ మార్కెట్లో ఒళ్లు నొప్పికి అందరి వైద్యమూ అదే. నొప్పి తెలియక మీ బావ మర్నాడే మళ్లీ బస్తా ఎత్తాడు. అంతే, మంచాన పడ్డాడు. ఏడాదైంది. నడుము ఎప్పుడో మానిందనీ, మొదట్లోనే ఆ మందు అలవాటు కాకుంటే ఈపాటికి పనిలో ఉండేవాడనీ డాక్టర్ అంటున్నాడు. ఇప్పుడు ఉండ పడనిదే మంచం దిగడు. బీడీలు చుట్టీ చుట్టీ, ఆయన మూలుగు వినీ వినీ నాకూ విసుగొచ్చింది తమ్ముడూ.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. వాచ్‌మన్ పనికి వీసా పంపుతానని నువ్వు రాసినప్పటి నుంచి ఆయన ముఖం కాస్త తేటపడింది. మొన్న డాక్టర్ ఇచ్చిన నడుం పట్టీ తెచ్చి, దాచుకున్న నల్లమందు నా చేతిలో పెట్టి, "దీంట్ల పెట్టి కుట్టు. ఎవలకు తెల్వది" అన్నాడు. అక్కడ మత్తుమందుతో దొరికితే ప్రాణాల మీదికొస్తుందని నువ్వే రాశావు. కాదంటే అన్నం మానేస్తాడు. సరేనని, ఆయనకు తెలియకుండా ఆ నల్లమందు పొయ్యిలో వేసి, ఉత్త బెల్లం ముక్కలు పెట్టి కుట్టేశాను.

పొద్దున చూస్తే పట్టీ నిండా చీమలు. నల్లమందు చేదుకు చీమ రాదని ఆయనకు తెలియదా? తిడతాడని భయపడ్డాను. ఆయన పట్టీ తీసుకుని వాకిట్లోకి పోయి, చీమలు దులుపుతూ చాలాసేపు నిలబడ్డాడు. గోడ పట్టుకోకుండా నిలబడ్డాడు తమ్ముడూ.

"వీసా వద్దని రాయి. మందు లేక నేనుండలేను, దాంతోని దొరికితే హన్మంతు గూడ ఆగమైతడు" అన్నాడు.

అందుకే వద్దని రాస్తున్నాను. కాసేపటికి, రోజువారీకని విడిగా ఉంచిన దాంట్లోంచి పొద్దటి ఉండ అడిగాడు. సగం తుంచి ఇచ్చాను. చేతిలోని సగం వంక చూశాడు గానీ, మిగతా సగం అడగలేదు.

ఇట్లు,
నీ వీసా పాడుచేసిన అక్క,
రాజమణి