సబ్బు అనే మాట

ఏవండీ,

మీ జీనత్ సలాములు. అత్తమ్మ, మామయ్య, నేను బాగున్నాం. మీరూ బాగుండాలని ఐదు పూటలా నమాజులో అడుక్కుంటున్నా. ఫోన్లో అందరూ వింటుంటారు కదా, నాకు నోరు పెగలదు. మీ గదిలో ఉండే ఆసిఫ్ అన్నయ్య సెలవు అయిపోయి కువైట్ వస్తున్నారని తెలిసి ఇది రాసిస్తున్నా. మీరు ఇంకో రెండేళ్ళు ఉంటానని సంతకం పెట్టేలోపే అందాలి.

మీరడిగినవి ముందు చెప్తా. అత్తమ్మ మోకాళ్ళు జగ్గయ్యపేటలోనే చూపించాం, మెట్లు ఎక్కొద్దన్నారు. నందిగామ వెళ్ళొచ్చా. అమ్మ మీకు గోంగూర పచ్చడి ఇచ్చింది.

ఇక సబ్బు సంగతి. మీతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆయన 'సబోన్' అంటాడని, ఈజిప్టు మేస్త్రీ 'సాబూన్' అంటాడని, మనం సబ్బంటామని, ఇదెలా కుదిరిందో కనుక్కోమని రాశారు. కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి లక్ష్మీప్రసన్న డిగ్రీ చదువుతోందిగా, అడిగా.

"సబ్బుకేమైనా సంబంధం చూస్తున్నావా వదినా, పుట్టుపూర్వోత్తరాలు అడుగుతున్నావు?" అంది. సిగ్గేసి వచ్చేయబోతే ఆపి, ఫోన్లో చూసి చెప్పింది. ఆ మాట ఎప్పుడో ఐరోపాలో పుట్టిందట. మొదట్లో సబ్బంటే జుట్టు ఎర్రబడటానికి రాసుకునేదట, ఒళ్ళు రుద్దుకునేది కాదట. అరబ్బులు, ఓడల వాళ్ళు సరుకుతో పాటు పేరూ మోసుకెళ్ళారట. మన దాకా ఏ దారిన వచ్చిందో తేల్చి చెప్పలేరట. చుట్టరికం లేని భాషలు కూడా నోటికి తగ్గట్టు మార్చుకుని ఉంచేసుకున్నాయంది.

బట్టలు ఉతుకుతూ అదే ఆలోచించా. అంత దూరం నుంచి వచ్చిన మాట ఎవరికీ పరాయిది కాలేదు. నేను నందిగామ నుంచేగా వచ్చా, బస్సెక్కితే గంట. ఇక్కడ నన్నెవరూ ఒక్క మాట అనరు. అయినా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉంటుంది. పెళ్ళైన నెలకే మీరు వెళ్ళిపోయారు. మీరు కూరలో కారం ఎంత తింటారో కూడా అత్తమ్మని అడిగి తెలుసుకున్నా.

మొన్న మీరు ఫోన్లో ఇంకో రెండేళ్ళు ఉండనా అని అడిగితే అందరూ నా వంక చూశారు. "మీ ఇష్టమండి, ఉండండి" అన్నా. కోడలు బుద్ధిమంతురాలని మామయ్య మెచ్చుకున్నారు. అది నా మనసులో మాట కాదండి.

సంతకం పెట్టకండి. ఇక్కడ లారీ తోలినా బతుకుతాం. ఎందుకొచ్చావని అత్తమ్మ అడిగితే, నేనే రమ్మన్నానని చెప్పండి.

ఇట్లు,
మీ ఇంటిది,
జీనత్