పదిహేడో ప్రశ్న

జనవరి 8

ఈ ఆఫీసులో చేరి నేటికి రెండేళ్లు. కేకు ఏది మేడం అని గుమాస్తా పీక్కుతిన్నాడు. మా సీనియర్ లాయరు పెద్దాయన ఫోన్ లోంచి తలెత్తకుండానే, ఈ పిల్ల లేకపోతే నా ప్రాక్టీసు ఎప్పుడో మూతపడేది అన్నాడు. నవ్వాను. నవ్వడం బాగా అలవాటైపోయింది.

ఆడవాళ్ల మీద చెయ్యి వేసి కేసులో ఇరుక్కున్నవాడు ఎవడైనా ముందు మా మెట్లే ఎక్కుతాడు. పెద్దాయన వాదించాడంటే సగం గెలిచినట్టే అని పేరు. రోజుకు నాలుగు కోర్టులు తిరుగుతాడు కాబట్టి ఫైల్ చదివే తీరిక ఉండదు. చదివేది నేను. సాక్షిని అడగాల్సిన ప్రశ్నలు నంబర్లు వేసి రాసి, కోర్టు వరండాలో ఆయన చేతికిస్తాను. ఆయన లోపలికెళ్లి వరసగా అడిగేస్తాడు. బయట అందరూ ఆయన జ్ఞాపకశక్తి గురించి కథలు చెప్పుకుంటారు.

పదమూడేళ్ల కిందట మా అక్కని బోనులో నిలబెట్టి ఇలాగే అడిగాడు. అప్పుడు ఇంకెవరో రాసిచ్చి ఉంటారు. అరిచావా అన్నాడు. అక్క ఏదో చెప్పబోయింది. అవునా, కాదా, రెండే మాటలు అన్నాడు. అక్క లేదు అంది. అక్క మీద చెయ్యి వేసినవాడు విడుదలయ్యాడు. నేను తలుపు బయట బెంచీ మీద అక్క బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని అంతా వింటూ కూర్చున్నాను.

తీర్పులో అక్క పేరు లేదు. ఒకటో సాక్షి అని మాత్రమే ఉంది. కాబట్టి పెద్దాయన నన్ను పోల్చుకోలేడు. అక్క అప్పట్నుంచి ఇల్లు కదలకుండా పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతోంది. ఆ రోజు ఏం చెప్పబోయావే అని ఎన్నిసార్లడిగినా, కామాలు చూసుకోవాలి పో అంటుంది.

ఆయన్ని కోర్టులో ఆయన నోటితోనే ఓడించాలి. అందుకే ఇక్కడ చేరాను.

జనవరి 21

కొత్త క్లయింటు. స్విమ్మింగ్ కోచ్. విచారణ దగ్గర పడ్డాక పాత లాయర్ని మార్చుకుని మా దగ్గరికొచ్చాడు. ఫిర్యాదు చేసింది పంతొమ్మిదేళ్ల అమ్మాయి, వాడి దగ్గర ఈత నేర్చుకునేది. వాడు కుర్చీలో వెనక్కి వాలి, గదికి గడియ వేసిన మాట నిజమే సార్, కానీ బయట ఎవరికీ వినబడలేదు అన్నాడు. పెద్దాయన, ఆ ముక్క నేను వినలేదు అని నవ్వాడు.

నేను విన్నాను.

జనవరి 29, ఉదయం 6.40

ఫైల్ మూడోసారి చదివాను. స్వీపరమ్మ వాంగ్మూలంలో ఒక్క వాక్యం ఉంది. పూల్ మూసేశాక కూడా బట్టలు మార్చుకునే గదిలోంచి విజిల్ ఆగకుండా మోగిందట. పోలీసులు దాన్ని వదిలేశారు. ప్రభుత్వ లాయరూ వదిలేశాడు. గడియ వేసిన గదిలో విజిల్ దేనికి?

అర్థమైంది. ఒళ్లు మండిపోయింది.

ఫిబ్రవరి 3

చేరిన వారంలోనే పెద్దాయన నేర్పిన పాఠం: ప్రశ్నలో ఎందుకు అనే మాట రానివ్వకు. ఎందుకు అన్నామంటే సాక్షి చేతికి మైకు ఇచ్చినట్టే.

రేపటి కాగితంలో పదహారు ప్రశ్నలు ఆయనకు నచ్చేలా రాశాను. పదిహేడోది: మరి ఎందుకు అరవలేదు?

కాగితం మడిచి ఫైల్లో పెట్టాను.

ఫిబ్రవరి 4

తలుపులు మూసి విచారణ. అమ్మాయి తెర వెనక ఉంది. పెద్దాయన మంచి ఊపు మీదున్నాడు. అరిచానని ఫిర్యాదులో ఎక్కడా రాయలేదు కదా అన్నాడు. పోలీసులు అడగలేదు, రాయలేదు అంది. మరి ఎందుకు అరవలేదు అన్నాడు. అనేశాక తన మాట తనకే వినబడింది. నాకేసి చూశాడు. నేను ఫైల్లో తల దూర్చేశాను.

వెంటనే అవునా, కాదా అని అందుకున్నాడు. జడ్జిగారు ఆపేశారు. ఎందుకని అడిగింది మీరే, ఆ అమ్మాయిని చెప్పనివ్వండి అన్నారు.

అరిచాను అంది అమ్మాయి. అరిచినప్పుడల్లా కోచ్ విజిల్ ఊదాడు. నేను ఆపేదాకా ఊదుతూనే ఉన్నాడు. బయటవాళ్లు ప్రాక్టీసు అనుకుని ఉంటారు.

జడ్జిగారు స్వీపరమ్మ వాంగ్మూలం తీయించి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించారు. కోచ్ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది, విజిల్ వేలాడే చోటికి. ఎగిరి గంతేయాలనిపించింది. ఒకడి గొంతులో పచ్చి వెలక్కాయ పడితే ఇంత సంతోషపడటం మంచిది కాదు. అయినా పడ్డాను. ఇంటికొచ్చి మళ్లీ పడ్డాను.

ఫిబ్రవరి 5

పెద్దాయన ఆఫీసుకు రాలేదు.

మార్చి 2

కోచ్‌కి పదేళ్ల జైలు.

మార్చి 3, సాయంత్రం 5.00

పెద్దాయన లోపలికి పిలిచాడు. టేబుల్ మీద నా కాగితం ఉంది. పదిహేడో నంబరు చుట్టూ ఎర్ర గీత గీసి ఉంది. నువ్వు మన క్లయింటునే ముంచావని పై కోర్టుకు రాస్తాను అన్నాడు. శిక్ష కొట్టేసి విచారణ మళ్లీ మొదలుపెడతారు, ఆ పిల్ల మళ్లీ బోనెక్కాలి అన్నాడు.

అంతదూరం నేను ఆలోచించలేదు.

రాయండి సార్ అన్నాను. రాయాలంటే ముందు మీరు ఫైల్ చదవలేదని, జూనియర్ రాసిచ్చింది అప్పజెప్పారని సంతకం పెట్టాలి. మీరు ఫైల్ చదివారా? అవునా, కాదా?

ఆయన కాగితాన్ని తన వైపుకు లాక్కున్నాడు. నేను ఎవరి చెల్లెల్నో కూడా చెప్పాను. ఆయనకు అక్క గుర్తే లేదు. నటన కాదు, నిజంగానే లేదు. దానికి ఇంకా మండింది.

కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. గెలిచాననుకుని లేచాను. అప్పుడు అడిగాడు. ఈ రెండేళ్లలో మనం గెలిచిన ఆరు కేసుల్లో ఆ ఆరుగురు ఆడవాళ్లను ఏడిపించిన ప్రశ్నలు రాసింది నువ్వేనా?

మీ నమ్మకం సంపాదించడానికి, అని ఏదో చెప్పబోయాను.

అవునా, కాదా, రెండే మాటలు అన్నాడు.

అవును అన్నాను.

మార్చి 4

ఉద్యోగం లేదు. ఆ ఆరుగురి పేర్లు రాద్దామని కూర్చున్నాను. కేసు నంబర్లే గుర్తొచ్చాయి.

మార్చి 9

అక్కకు అంతా చెప్పేశాను. ఆరుగురి సంగతి కూడా. అక్క పెన్నుకు మూత పెట్టి, గదిలోకెళ్లి తలుపేసుకుంది.

మార్చి 11

అక్క తలుపు తీసింది. ఆ రోజు బోనులో ఏం చెప్పబోయిందో చెప్పింది. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో నేనొక్క మాట మాట్లాడలేదు.